మూడో వరుసలో ఏడో పొద

ఏప్రిల్ 12

అటవీ కేంద్రం నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు వెన్ జింగ్. ముప్ఫై దాటి ఉండవు. ముక్కు దాకా గుడ్డ కట్టుకుని, ప్రార్థన ఇంటి వెనక ఇసుక దిబ్బ ఎక్కి, ఇసుకలో పెరిగే మా స్వోస్వో పొదల మధ్య టేపు పట్టుకుని తిరిగింది. వరుసకీ వరుసకీ మధ్య కొలిచింది. పొదకీ పొదకీ మధ్య కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"ఇంత ఇరుగ్గా ఎవరు నాటమన్నారు పెద్దమ్మా?"

"దేవుడు."

"మూడడుగులకొకటి నాటమన్నాడా?"

"సహోదరులు కలిసి ఉండమన్నాడు. భుజం భుజం తగలాలని నేనన్నాను."

పుస్తకంలో రాసుకుంది. నేను ఆగలేదు, ఎవరైనా అడిగితే చాలు నాకు. ఇరవై రెండేళ్ళ సంగతి చెప్పాను. బాప్తిస్మం తీసుకున్న మర్నాడు ఎవరైనా సరే బక్కెట్టు నీళ్ళు మోసుకుని దిబ్బ ఎక్కాలి, ఒక స్వోస్వో మొక్క నాటాలి. కూల్‌డ్రింకు డబ్బా కత్తిరించి, ఆ రేకు మీద మేకుతో పేరు గీసి, తీగతో పొదకి కట్టాలి. మొదటి రెండు మొక్కలు నాదీ, నియే అవ్వదీ. ఒకే రోజు, పక్కపక్కన. తక్కిన వరుసలు వాటికి అటూ ఇటూ పెరిగాయి. ఇప్పుడు రెండొందల పద్నాలుగు. మొదటి కీర్తన చదివి వినిపించాను. ఎవరి విశ్వాసం నిలుస్తుందో వారి ఆకు వాడదు. మా పొదలే సాక్ష్యం.

"స్వోస్వోకి ఆకులే ఉండవు కదా పెద్దమ్మా," అంది.

"పుల్ల పచ్చగా ఉంటుందిగా. పుల్లే ఆకు."

"మరి ఎండితే?"

"ఎండితే ఆ మనిషి తనని తాను పరీక్షించుకుంటాడు."

ఈ మాట మాత్రం పుస్తకంలో రాసుకోలేదు.

ఏప్రిల్ 13

నాలుగో వరుస పక్కన గొయ్యి తవ్వించింది. మా ఆయన తవ్వాడు. ఆయనకి ప్రార్థనంటే పడదు గాని పారంటే ప్రాణం.

పైన నాలుగు వేళ్ళ మందం నల్లటి మన్ను. దాని మీద నాచు పొర, విరిస్తే అప్పడంలా విరిగింది. మేం నాటిన రోజున అక్కడ వట్టి ఇసుక. ఇప్పుడు మన్నుంది, మన్నులో సన్న గడ్డి ఉంది, గడ్డిలో పురుగుంది, పురుగు కోసం బల్లి వచ్చింది. రాలిన పుల్లలూ గాలి తెచ్చిన దుమ్మూ పిట్టల రెట్టా అన్నిటినీ పొదే ఆపి పోగుచేసిందట. నా ఛాతీ పొంగింది. చూడు, అడవిలో దారి, ఎడారిలో నదులు అని యెషయా ఊరికే అన్నాడా, అన్నాను.

"ఇంకొంచెం తవ్వండి పెద్దనాన్నా," అంది.

నల్ల మన్ను కింద పొడి. మనిషి లోతు తవ్వినా పొడే. పిండిలా జారింది.

"వాన పడితే ఆ పై పొరే తాగేస్తోంది. కిందికి చుక్క దిగట్లేదు. స్వోస్వో వేరేమో లోతున వెతుక్కుంటుంది. బావుల్లో నీళ్ళూ అడుక్కి పోయాయి. ఉన్న కాస్త తడికీ రెండొందల పద్నాలుగు నోళ్ళు."

"అంటే మేలు చేసినందుకే చస్తున్నాయా?"

"మేలూ కీడూ ఏం లేదు పెద్దమ్మా. నీళ్ళు చాలట్లేదు, అంతే. ఒకటి తాగితే పక్కది ఎండుతుంది."

మూడింట రెండు మొదలంటా కొట్టెయ్యాలట. వేళ్ళు మట్టుకు ఉంచాలి, అవి ఇసుకని పట్టుకుంటాయి. వేసవి ముదరకముందే కొడితే మిగిలిన మూడో వంతు బతుకుతుంది. లేకపోతే రెండేళ్ళలో అన్నీ పోతాయి. దిబ్బ కదిలి ప్రార్థన ఇంటి మీదికీ, ఈ పక్క ఏడిళ్ళ వాళ్ళ సోంపు చేల మీదికీ వస్తుంది.

మా ఆయన పార తుడుచుకుంటూ, "మీ దేవుడి రిజిస్టర్లో ఎవరెవరి పేర్లు కొట్టేస్తావో చూసుకో మరి," అన్నాడు.

ఏప్రిల్ 15, ఆదివారం

పొదలు కొట్టే మాట ప్రసంగంలో చెప్పలేదు. వచ్చే వారం చెప్తాను.

కూడిక అయ్యాక ఆడవాళ్ళందరూ దిబ్బ ఎక్కారు. ఏటా పుల్లలు పచ్చబడే రోజుల్లో ఎక్కుతారు, ఎవరి పొద వాళ్ళు చూసుకుని మురుస్తారు. ఈసారి నలభై దాకా గోధుమ రంగులోనే ఉన్నాయి.

"ఇదెవరిదే, చూడు, చీపురు పుల్లల్లా."

"చ్యావో తమ్ముడిది. మొన్న పెళ్ళిలో తాగాడుగా."

"ఒక్క గ్లాసుకే ఎండుతుందంటే మా ఆయన పొద ఈపాటికి బొగ్గయ్యేది."

నవ్వుకున్నారు. నవ్వుతూనే ఒకరి రేకు ఒకరు తిప్పి చదివారు. నేను కింద నిలబడి విన్నాను. వద్దనవలసింది.

ఏప్రిల్ 16

నాది మూడో వరుసలో ఏడోది. నేను చూడలేదు. చూడవలసిన పని లేదు.

ఏప్రిల్ 18

చూశాను. గొర్రె కొరికి ఉంటుంది.

అన్నం దగ్గర ఆ మాటే అంటే మా ఆయన గిన్నె కింద పెట్టాడు. "ఏ గొర్రె? ఆరేళ్ళ నించి ఊళ్ళో గొర్రెని దొడ్డి దాటనివ్వట్లేదు. దానికి రెక్కలొచ్చాయా?"

"కుందేలై ఉంటుంది."

"అలాగా. బాగా భక్తి గల కుందేలు. రెండొందల్లో నీదే వెతుక్కుంది."

ఏప్రిల్ 20

తెల్లవారుతూనే రెండు బిందెలు మోసి పోశాను. నాచు పొర మీద నిలబడి పక్కకి జారిపోయాయి. వేలితో పొర గీరి మళ్ళీ పోశాను. పుల్ల విరిస్తే టప్‌మంది. లోపల కూడా గోధుమ రంగే.

పక్కనున్న ఎనిమిదోది నియే అవ్వది. పచ్చగా ఉంది, తడిగా ఉంది, మెత్తగా వంగింది.

ఏలీయా ఎడారి పొద కింద పడుకుని ప్రాణం తియ్యమని అడిగాడు. దేవుడు రొట్టె పంపాడు. పొద ఎండిందని ఎక్కడా రాయలేదు.

ఏప్రిల్ 23

నిన్న కూడిక లేదు. రెండు రోజులు గాలి. ఎదుటి మనిషి కనబడలేదు. ఇవాళ సాయంత్రం కాస్త తెరిపిచ్చింది.

గాలికి కొన్ని రేకులు ఊడాయి. తిరిగి కట్టాను.

ఏప్రిల్ 24

రేకులు గాలికి ఊడాయి. గీతలు కూడా అరిగిపోయాయి. ఏది ఎక్కడుందో ఇరవై రెండేళ్ళ తరవాత ఎవరికి గుర్తుంటుంది. ఏడో ఎనిమిదో.

రెండొందల మంది ఒక్కరి ముఖం చూసి నిలబడ్డారు. కాపరి పొద ఎండిందంటే మంద చెదురుతుంది. ఇది నా కోసం కాదు.

ఏప్రిల్ 26

బైబిలు తెరిస్తే యిర్మీయా వచ్చింది. మనుషుల్ని నమ్ముకునేవాడు ఎడారి పొద లాంటివాడంటాడు. అక్కడ పొద శాపానికి పోలిక. నీళ్ళ పక్కనున్న చెట్టు దీవెనకి పోలిక. ఇన్నేళ్ళూ ఆ ముందు ముక్క దాటేసి వెనక ముక్క చదివాను. ఎవరూ అడగలేదు. చదువుకున్న పాస్టరు ఎవరైనా ఉంటే అడిగేవాడేమో. నేను అక్షరాలు నేర్చుకున్నదే ఈ పుస్తకంలో, ముప్ఫై ఆరో ఏట, నియే అవ్వ పక్కన కూర్చుని. ఆమె వేలు పెట్టి చూపిస్తే నేను కూడబలుక్కుని చదివేదాన్ని.

ఏప్రిల్ 29, ఆదివారం

ఆకాను మీద చెప్పాను. శిబిరంలో ఒక్కడు దాచిపెట్టిన సొత్తు వల్ల ఇశ్రాయేలు అంతా ఓడిపోయింది. బల్ల గుద్ది చెప్పాను. ఎండిన ప్రతి పొద వెనకా ఒక గుడారం, గుడారం కింద ఒక గొయ్యి, గొయ్యిలో దాచినదేమిటో తవ్వి తియ్యండి అన్నాను. జనం ఏడ్చారు. ఇంత బలంగా నేనెప్పుడూ చెప్పలేదని షావ్ అన్న అన్నాడు. సంఘంలో పెద్ద మనిషి, ఊరికే పొగడడు.

అందరూ వెళ్ళాక నియే అవ్వ ఉండిపోయింది. డెబ్బై తొమ్మిది. కర్ర మీద రెండు చేతులూ, చేతుల మీద గడ్డం.

"పిల్లా, పొద్దున దిబ్బెక్కాను. నాది ఎండిపోయింది."

నేను పాటల పుస్తకాలు పేర్చసాగాను.

"నీది పక్కనే నిగనిగలాడుతోంది, చూస్తే కడుపు నిండింది. నా సంగతే తెలియట్లేదు. పొద్దున్నించీ వెతుకుతున్నా. అప్పుడెప్పుడో కరువు కాలంలో ఊరి ఉమ్మడి గాదెలో గుప్పెడు జొన్నలు తీశాను, అది ఒప్పేసుకున్నా. మా ఆయన పోయినప్పుడు ఒక రోజంతా దేవుణ్ణి తిట్టా, అదీ ఒప్పుకున్నా. ఇంకేం దాచానో నాకే తెలియదు. నీకేమైనా కనబడుతోందా, చెప్పు."

చెప్పాను. ఏం చెప్పాను. మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థన చెయ్యి, దేవుడే చూపిస్తాడు అన్నాను. ఎవరొచ్చి అడిగినా నేను చెప్పే మాట అదే. నోరు దానంతటదే చెప్పింది.

మే 1

ఉపవాసం రెండో రోజు. పాలు పట్టుకెళ్ళాను. తాగలేదు.

మే 2

అవ్వ చెంబుతో నీళ్ళు మోస్తోంది. బక్కెట్టు ఎత్తలేదు కాబట్టి చెంబు. పది అడుగులు ఎక్కడం, కూర్చోవడం. గుమ్మంలో నిలబడి చూస్తూ మా ఆయన అన్నాడు, "ఏమే, ఆ ముసలిదాన్ని మీరంతా కలిసి చంపుతున్నారు. ఒక్కళ్ళు చెప్పరే, అది వట్టి పొదని."

"నువ్వు చెప్పు," అన్నాను.

"చెప్పా. నువ్వు నమ్మనివాడివి, నీకేం తెలుసులే నాయనా అంది. నువ్వు చెప్తే వింటుంది."

మే 4

వెన్ జింగ్ మళ్ళీ వచ్చింది. ఎర్ర గుడ్డ పీలికలు తెచ్చి, కొట్టవలసిన పొదలకి కట్టబోయింది. షావ్ అన్నా ఇంకో పదిమందీ అడ్డం నిలబడ్డారు.

"ఎవరి పేరు నరుకుతావమ్మా నువ్వు?" అన్నాడు షావ్ అన్న.

"పేర్లు కాదు బాబాయ్, పొదలు."

"మా అమ్మ పోయి ఎనిమిదేళ్ళు. ఆమెకి సమాధి మీద రాయి కూడా లేదు, ఈ రేకే ఉంది. జీవగ్రంథంలో పేరు కొట్టేస్తే ఆమెనెక్కడ వెతకాలి?"

వెన్ జింగ్ నన్ను పక్కకి తీసుకెళ్ళింది. గుడ్డ కిందికి లాగి మాట్లాడింది. పెదాలు పగిలి ఉన్నాయి. "పెద్దమ్మా, వీళ్ళు నా మాట వినరు. మీరొక్క మాట చెప్తే చాలు. పొద ఎండడానికీ విశ్వాసానికీ సంబంధం లేదని. అంతే. ఆ తరవాత పని నేను చూసుకుంటా."

ఆదివారం చెప్తాను అన్నాను.

మే 6, ఆదివారం

గిద్యోను మీద చెప్పాను. మూడువందల మందే చాలన్నాడు దేవుడు, మిగతావాళ్ళని ఇళ్ళకి పంపేశాడు. అక్కణ్ణుంచి పొదల మాటకి వద్దామని ఎంచుకున్నాను. ఎవరి మీదా కోపంతో పంపలేదు అన్న చోటికి వచ్చి, నియే అవ్వ ముఖం చూశాను. మొదటి బెంచీలో, ఉపవాసంతో బుగ్గలు లోపలికి పోయి, నా నోటివంకే చూస్తోంది. నేను మిద్యానీయులతో యుద్ధం కథలోకి వెళ్ళిపోయాను. కుండలు పగలగొట్టించాను, బూరలు ఊదించాను. గంటన్నర.

కూడిక అయ్యాక చెంబు పట్టుకుని దిబ్బ ఎక్కుతూ అవ్వ పడింది. తుంటి విరిగింది.

మే 7

రాస్తున్నాను. ఇది ఎవరూ చదవరు, అయినా ఇన్నాళ్ళూ ఇందులో కూడా అబద్ధమే రాశాను.

రేకులు గాలికి ఊడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఏ గాలికీ ఒక్క రేకు ఊడలేదు, తీగ నేనే మెలేశాను కదా. ఏప్రిల్ ఇరవై మూడు సాయంత్రం దుమ్ము ఇంకా పూర్తిగా దిగలేదు, దిబ్బ మీద ఎవరూ లేరు. పటకారుతో ఏడో పొద తీగ విప్పాను. తావ్ లాన్‌యింగ్ అని ఉన్న నా రేకు తీశాను. ఎనిమిదో పొదకున్న అవ్వ రేకు తీశాను. నాది ఆమె పచ్చ పొదకి కట్టాను. ఆమెది నా ఎండు పొదకి కట్టాను. అంత చిన్న పనికి చేతులు వణకలేదు. అదే నన్నిప్పుడు భయపెడుతోంది.

ఆకాను నేను.

మే 8

గాలి. ప్రార్థన ఇంటి తూర్పు గోడ పక్కన పొదలు పూర్తిగా చచ్చిన చోట ఇసుక గోడ దాటి లోపలికి దిగింది. చేటతో ఎత్తిపోశాం. మధ్యాహ్నానికి మళ్ళీ అంత వచ్చింది.

మే 9

వెళ్ళాను. అవ్వ కాంగ్ మీద, కింద వేడి పెట్టే మట్టి పడక మీద, వెల్లకిలా పడుకుని ఉంది. ఆస్పత్రికి వద్దంటోంది. జొన్న జావ నాలుగు చెంచాలు పట్టించి, గిన్నె పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చెప్పేశాను. పటకారూ తీగా సాయంత్రమూ ఏదీ మిగల్చలేదు.

ఆమె బోసి నోటితో నవ్వింది.

"నీకు అబద్ధం చెప్పడం రాదే పిల్లా."

"అబద్ధం కాదవ్వా. ఎండింది నాది. నీది పచ్చగానే ఉంది."

"నా మనసు కుదుటపడాలని నీ నెత్తిన వేసుకుంటున్నావు. ప్రభువూ అదే చేశాడులే. ఆయన దగ్గరే నేర్చావు."

"అవ్వా, ఒట్టు..."

"ఒట్టు పెట్టకూడదని నువ్వే కదా చెప్పావు. అవునంటే అవును, కాదంటే కాదు."

"అయితే అవును. నేనే మార్చాను."

"ఊరుకో."

"నాటిన రోజు గుర్తు తెచ్చుకో. నీది ఎనిమిదోది. నా ఎడమ పక్కన నిలబడ్డావు, నీ బక్కెట్టుకి చిల్లి, సగం దారిలోనే కారిపోతే నాది సగం పోశాను."

"పోశావు." ఆమె కళ్ళు తడయ్యాయి. "అప్పుడూ ఇంతే నువ్వు. ఉన్నది పక్కవాళ్ళకి పోసేస్తావు. ఇప్పుడు నీ పచ్చదనం నాకిస్తానంటున్నావు. నేనెట్లా తీసుకుంటానే? ఏడైతేనేం, ఎనిమిదైతేనేం, రేకు మీద ఏ పేరుంటే అదే. నువ్వు నేర్పిన మాటే."

నేను ఆమె దుప్పటి అంచు పట్టుకుని కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళు రాతి మీద గీసినట్టు నేర్పాను. నేను చెరిపితే చెరగట్లేదు.

మే 10

నిన్నటి మాటలే మళ్ళీ చెప్పాను. నిద్రపోయింది, లేక నిద్ర నటించింది.

మే 13, ఆదివారం

అందరి ముందూ చెప్పాను. బైబిలు మూసి బల్ల మీద పెట్టి, అరవకుండా చెప్పాను. అరిస్తే ఇదీ ప్రసంగమే అనుకుంటారని భయపడ్డాను, అరవకపోతే నమ్మరని తెలియదు. పొద పచ్చగా ఉండడానికీ విశ్వాసానికీ ఏ సంబంధమూ లేదు, అది లేఖనంలో లేదు, నేను కల్పించాను అన్నాను. ఎండింది నాదనీ రేకులు మార్చాననీ చెప్పాను. కొట్టెయ్యండి, వెన్ జింగ్ చెప్పినట్టు రెండు కొట్టి ఒకటి ఉంచండి, లేకపోతే ఊరు పోతుంది అన్నాను.

షావ్ అన్న లేచాడు. కళ్ళనిండా నీళ్ళు.

"చూశారా. మంచాన పడ్డ ముసలామె కోసం తన పేరు పోగొట్టుకుంటోంది. ఇలాంటి కాపరి ఏ సంఘానికుంది?"

ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. నేను కాదు కాదు అంటున్నాను. క్వాంగ్ చెల్లెలు వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. ఎవరో పాట ఎత్తుకున్నారు.

"మరి కొట్టడం సంగతి?" అని అరిచాను. అప్పుడు అరిచాను.

"అబ్రాహాముని కొడుకుని బలి ఇమ్మని అడిగినట్టు అడుగుతున్నావమ్మా," అన్నాడు షావ్. "మాకు తెలుసు. చెయ్యెత్తాక దూత వచ్చి ఆపుతాడు. మేం చెయ్యెత్తేదాకా కూడా రానివ్వం."

వెనక బెంచీలో వెన్ జింగ్ కూర్చుని ఉంది, ఎర్ర పీలికల మూట ఒళ్ళో పెట్టుకుని. బయటికొచ్చాక నాతో ఒకే మాట అంది. "వచ్చే ఏడు మళ్ళీ వస్తా పెద్దమ్మా. అప్పటికి కొట్టడానికి ఏముంటాయో చూద్దాం."

మే 14

పొద్దున్నే రంపం తీసుకుని దిబ్బెక్కాను, ఎవరూ కొట్టకపోతే నేనే కొడదామని. అప్పటికే నలుగురు అక్కడ కూర్చుని ఉన్నారు. రాత్రంతా కాపలా ఉన్నారట. షావ్ అన్న నా చేతిలోంచి రంపం మెల్లిగా, ఎంతో మర్యాదగా తీసుకున్నాడు. నా చేతులకి ముద్దు పెట్టాడు.

మే 16

గాలి.

మే 17

గాలి. తూర్పు గది తలుపు తెరుచుకోవట్లేదు. వెనక ఇసుక.

మే 18

నియే అవ్వకి జ్వరం. మాట సన్నబడింది. కాళ్ళు చల్లగా ఉన్నాయని మా ఆయన గొర్రెతోలు తెచ్చి కప్పి, వెళ్ళి వాకిట్లో కూర్చున్నాడు.

అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"పిల్లా. ఒక్కటి అడుగుతా, కాదనకు. ఒకసారి ప్రార్థన చెయ్యి. నా పొద పచ్చబడాలని. ఒక్క పుల్ల చాలు. ఈ గొణుగుడు కాదు, మునుపట్లా చెయ్యి. గట్టిగా."

"అవ్వా, నీ పొద పచ్చగానే..."

"మళ్ళీ మొదలెట్టకు." కళ్ళు మూసుకుంది. "నాకిక వాదించే ఓపిక లేదే. ప్రార్థన చెయ్యి."

వేళ్ళు నా మణికట్టు మీద బిగిసి ఉన్నాయి. చెప్పడానికి నా దగ్గర ఇంకేం మిగిలింది. నిజం నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ ఆమే గాని, సంఘమే గాని దాన్ని నా మంచితనం కింద జమకట్టుకున్నారు.

మోకరించాను. మునుపట్లాగే చేతులెత్తి, సందు చివరిదాకా వినపడేలా ప్రార్థించాను. దేవా, నీ దాసురాలు నియే అవ్వ పొదను చూడు, అన్నాను. మూడో వరుసలో ఏడో పొద, ప్రభువా, దాని వేరుకి నీళ్ళు చూపించు, దాని పుల్లకి ప్రాణం పొయ్యి, దాన్ని పచ్చగా చెయ్యి అన్నాను. అడిగిన ప్రతి మాటా నా పొద కోసమే అయింది.

అవ్వ ముఖం తేటపడింది. ఆమెన్ అంది.

గోడ అవతల, నా గొంతు విని వాకిట్లో పోగైన సంఘం వాళ్ళందరూ ఆమెన్ అన్నారు.